అగరుబత్తి చెప్పే లెక్క

చలిదేశాల్లో కొత్త ఇంటికి ఓ పరీక్ష పెడతారు. వీధి తలుపు తెరిచి, ద్వారబంధం నిండా గుడ్డ బిగించి, దాని అడుగున పెద్ద ఫ్యాన్ అమర్చి లోపలి గాలిని బయటికి తోడేస్తారు. ఒత్తిడి తేడా 50 పాస్కల్స్‌కి చేరిందంటే, ఇంటి అన్ని పక్కలా గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో గాలి కొట్టినట్టే. అప్పుడు స్విచ్‌బోర్డు దగ్గర అగరుబత్తి పట్టుకుంటే, నిటారుగా లేస్తున్న పొగ చటుక్కున గదిలోకి వంగుతుంది. చిల్లు అక్కడుందన్నమాట! పూజగదిలో తప్ప అగరుబత్తికి వేరే కొలువుందని మనవాళ్లకు తట్టదు.

అలాంటి చిల్లులు లేకుండా కట్టాలని చూసిన ఇల్లొకటి కెనడాలోని రెజీనాలో ఉంది. అక్కడ మైనస్ 30 డిగ్రీల చలి వింతేం కాదు. చమురు సంక్షోభం తర్వాత, ఎండతో వెచ్చబడే ఇల్లు కావాలంది అక్కడి సస్కాచెవాన్ రాష్ట్ర ప్రభుత్వం. ముందు ఉన్న వేడి పోకుండా చూద్దామన్నారు హెరాల్డ్ ఓర్ వంటి ఇంజనీర్లు. 1977లో ఆ ఇల్లు లేచింది. గోడల మందం అడుగు. వాటిలో దూది లాంటి ఇన్సులేషన్, దానికి తోడు గాలి చొరకుండా పాలిథీన్ పట్టా.

పనితనమంతా ఆ పట్టా అతుకుల్లోనే. ఒక అంచు మీద మరో అంచు ఎక్కించి, మధ్యన జిగురు మందు పూయాలి. తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ వైరు కోసం ఓ కన్నం పొడిచి ఊరుకుంటే, పడ్డ శ్రమలో కొంత దాంట్లోంచే పోతుంది. వేడిగాలి తేలిక కనక అటక సందుల్లోంచి జారుకుంటుంది; అంతే చల్లగాలి కింది పగుళ్లలోంచి దూరుతుంది. దాన్ని మళ్లీ వేడిచేయాలి, బిల్లు మళ్లీ కట్టాలి. పైగా గాలితోపాటు గోడలోకి దూరిన తేమ నీరై చెక్కను కుళ్లబెడుతుంది.

మరి ఊపిరాడేదెలా? పాతగాలి పోతూ పోతూ తన వేడిని వచ్చే తాజాగాలికి అప్పగించే యంత్రం పెట్టారు. రెండూ కలవవు, పక్కపక్కనే నడుస్తాయి.

1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వచ్చిన 'పాసివ్ హౌస్' ఈ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఆ ప్రమాణం ప్రకారం, ఇందాకటి ఫ్యాన్ పరీక్షలో గంటకు మారే గాలి ఇంట్లోని మొత్తం గాలిలో 0.6 వంతు మించకూడదు. వెచ్చదనానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లు చాలాలి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికైతే, మన కరెంటు బిల్లు భాషలో, దాదాపు 1,400 యూనిట్లు.

రెజీనా ఇంటికి ఎండను పట్టేందుకు అమర్చిన ఖరీదైన గొట్టాల్ని తర్వాత తీసేశారు. ఇంటిని మాత్రం ఎవరో కొనుక్కుని కాపురం పెట్టారు.