శిబిరంలో సూదీ దారం

1948కి ముందు పాలస్తీనా పల్లెల్లో ఆడమనిషి ఒంటి మీది బట్టను చూసి ఆమెది ఏ ఊరో చెప్పేవారు. రామల్లా వైపు ఆడవాళ్ళు వేసవికి తెల్లని నారబట్ట మీద ముదురు ఎరుపు దారంతో కుట్టుకునేవారు. బెత్లెహేము వాళ్ళు బంగారు, వెండి జరీతాడును వంపులు తిప్పుతూ గుడ్డ మీద పరిచి, సన్నదారంతో పట్టి కుట్టేవారు. మన మగ్గం వర్కు చేసేవాళ్ళకు ఈ పద్ధతి చూడగానే తెలిసిపోతుంది. దక్షిణాన ఎడారి తెగల్లో పెళ్ళికాని పిల్లలది నీలం దారం, పెళ్ళయినవాళ్ళది ఎరుపు. పాదాల దాకా జారే ఆ వదులు దుస్తు పేరు థోబ్. దాని మీద చేసే కుట్టుపని తత్‌రీజ్. యునెస్కో 2021లో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

1948 యుద్ధంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళూ పొలాలూ వదిలి పోవాల్సి వచ్చింది. కుట్టుపనికి పేరుపడ్డ బెయిత్ దజన్ లాంటి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. ఒంటి మీది థోబ్‌తో వచ్చినవాళ్ళు శరణార్థి శిబిరాల గుడారాల్లో వేరే ఊళ్ళ ఆడవాళ్ళ పక్కన కూర్చున్నారు. పక్కామె ఛాతీ మీది పువ్వు ఈమె అంచులోకి వచ్చింది, ఈమె సైప్రస్ చెట్టు ఆమె చేతికి ఎక్కింది. ఊరి పేరు చెప్పిన బట్ట క్రమంగా దేశం పేరు చెప్పే బట్ట అయింది.

ఈ పనిలో ఎక్కువగా కనిపించేది క్రాస్ స్టిచ్. కుట్లు, అల్లికలు నేర్చుకున్న మన అమ్మలూ, పిన్నమ్మలూ మ్యాటీ క్లాత్ మీద కుట్టిన కుట్టే ఇది. చూడ్డానికి సులువు. చేతిలోకి తీసుకుంటేనే దాని నిక్కచ్చితనం తెలుస్తుంది. ముందు ఒక వరుస పొడవునా ఏటవాలు కుట్లు వేసుకుంటూ వెళ్ళాలి. చివరికి చేరాక అదే వరుసలో వెనక్కి వస్తూ వాటిని అడ్డంగా దాటాలి. పైకి కనిపించే పోగులన్నీ ఒకే వైపు వాలాలి. ఒక్కటి ఎదురు తిరిగినా అక్కడ దారం మెరుపు తెగిపోతుంది. ముడి వేయకూడదు, దారం కొసను వెనక కుట్ల కిందుగా దూర్చి వదిలేయాలి. ఇలా కుట్టిన గుడ్డను తిరగేస్తే నిలువు గీతలు బారులు తీరి కనిపిస్తాయి. పెద్దవాళ్ళు పనితనాన్ని లెక్కగట్టేది ఈ వెనక వైపు చూసే.

పోగులు లెక్కపెట్టడానికి వీల్లేని దట్టమైన నల్లగుడ్డ అయితే, దాని మీద పలుచని కాన్వాసును కలిపి కుట్టుకుంటారు. దాని గళ్ళే కొలత. రెండు పొరలూ కలిపి నమూనా అంతా కుట్టేశాక కాన్వాసు పోగుల్ని ఒక్కొక్కటే లాగేస్తారు. అడుగునున్న నల్లగుడ్డ మీద పువ్వు మాత్రం మిగులుతుంది. లాగే పని తొందరగా చేస్తే కుట్టు వదులవుతుంది. ఒక గడి లెక్క తప్పితే తప్పు అప్పుడే బయటపడదు, ఇరవై వరుసలు దాటాక రెండో సగం మొదటి సగంతో కలవదు. విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

శిబిరాల్లో ఈ కుట్టు నేర్పే శిక్షణలు నడుస్తాయి. కొత్తగా ఇల్లు పోగొట్టుకున్న పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్ల చేతికి ఈ పని ఇవ్వడంలో పెద్ద అర్థముంది. ఆమె చుట్టూ ఏదీ ఆమె లెక్కలో లేదు. ఎన్నాళ్ళుండాలో, ఎక్కడికి పోవాలో, చదువు సాగుతుందో లేదో అంతా ఇతరులు తేల్చేదే. ఈ గుడ్డ మీద మాత్రం లెక్క ఆమెది, తప్పయితే విప్పి సరిచేసుకునే వీలూ ఆమెదే. తల వంచుకుని కుట్టేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడక్కర్లేదు, కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాట ఇక్కడ దానంతటదే వస్తుంది. శిక్షణ నడిపేవాళ్ళు ఆ మాటను తవ్వకుండా ఉండటమే మర్యాద.

ఇలాంటి శిక్షణకు చరిత్ర చిన్నదేమీ కాదు. శరణార్థుల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన సంస్థ 1950లోనే గాజాలో సులాఫా అనే కుట్టుపని కేంద్రాన్ని మొదలుపెట్టింది. లెబనాన్‌లో చిత్రకారిణి ఉగెట్ కలాండ్ చొరవతో 1969లో ఇనాష్ అనే సంస్థ ఏర్పడింది. జోర్డాన్‌లోని జెరాష్ శిబిరంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా 1967 యుద్ధంలో గాజా నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళలో చాలామందికి ఆ దేశపు పౌరసత్వం లేదు. అక్కడ 2013 నుంచి ఒక సంస్థ ఆడవాళ్ళ చేత కుట్టించి విదేశాల్లో అమ్ముతోంది. లెబనాన్‌లో పాలస్తీనీయులకు ఎన్నో వృత్తుల తలుపులు మూసే ఉన్నాయి. అలాంటి చోట ఇంట్లో కూర్చుని చేసే ఈ పని ఎన్నో పొయ్యిలు వెలిగించింది.

అయితే నాకు ఒక విషయంలో గట్టి పట్టుదల ఉంది. చాలాచోట్ల నమూనా ఆఫీసులో తయారవుతుంది, రంగులు కొనేవాళ్ళు చెబుతారు, కుట్టే అమ్మాయి గళ్ళు నింపుతుంది. డబ్బు వస్తుంది, అది అవసరం, దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ పువ్వు ఎక్కడ పెట్టాలో తేల్చే అధికారం చేతిలో లేకపోతే ఆ పిల్ల నేర్చుకున్నది సగం విద్యే.

ఆ అధికారం ఇస్తే సంప్రదాయం చెడిపోతుందని భయపడేవాళ్ళుంటారు. ఆ భయానికి చరిత్రలో ఆధారం లేదు. పట్టుదారం వాడే ఊళ్ళలోకి 1930ల నాటికి ఫ్రాన్సు డీఎంసీ కంపెనీ నూలుదారం వచ్చింది. దానితోపాటు వచ్చిన యూరప్ నమూనా పుస్తకాల్లోని గులాబీలనూ పక్షులనూ పల్లె ఆడవాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. బెత్లెహేము చంద్రుడు, పాషా గుడారం, హెబ్రోను తాళంచెవి లాంటి పాత నమూనాల పక్కనే వాటికీ చోటిచ్చారు. 1987లో తిరుగుబాటు మొదలైనప్పుడు పాలస్తీనా జెండా బయటికి తీయడం మీద నిషేధం ఉంది. ఆడవాళ్ళు జెండా రంగుల్నీ దేశపటాన్నీ థోబ్ మీదే కుట్టుకుని వీధిలోకి వచ్చారు. ఒంటి మీది బట్టను లాక్కోవడం జెండా లాక్కున్నంత తేలిక కాదు. ఆ రోజుల్లో కుట్టిన ఆ థోబ్‌లు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి.

ఊరు మారినా ఈ కుట్టు చెడలేదు. సఫద్ ఊళ్ళో పుట్టి, పసితనంలో 1948లో ఇల్లు విడిచిన ఫెరియాల్ అబ్బాసీ గనేమ్ తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టును అమెరికా దాకా తీసుకుపోయారు. ఆ దేశం 2018లో ఆమెకు జాతీయ వారసత్వ కళాకారిణి గౌరవం ఇచ్చింది. ఆమె కూతురు వఫా ఆ నమూనాల అర్థాల మీద పుస్తకం రాసి, ఇప్పుడు కొత్తవాళ్ళకు నేర్పుతున్నారు.

కాబట్టి శిక్షణ పెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. నమూనా కాగితంతో మొదలుపెట్టకండి. మీ నాయనమ్మ థోబ్ మీద ఏముండేదో అడిగిరమ్మని పిల్లల్ని ఇంటికి పంపండి. సగం గుర్తున్నది తెచ్చినా గళ్ళ కాగితం మీద గీయించండి, మిగతా సగం వాళ్ళనే పూరించనివ్వండి. పాఠం సాయంత్రం పెట్టి చీకట్లో ఇంటికి పంపకండి, చంటిబిడ్డ ఉన్న తల్లికి బిడ్డను పక్కన పడుకోబెట్టుకునే చోటివ్వండి. కూలిని ముక్కకింత అని కాకుండా పట్టే గంటలను బట్టి కట్టండి, ఎందుకంటే ఒక ఛాతీ పలకకే వారాలు పడతాయి. అమ్మకానికి వెళ్ళే ప్రతి ముక్కకూ, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరు కుట్టండి. మొదటి ముక్కను మాత్రం అమ్మకానికి పెట్టకండి, అది ఆమె ఇంటికే పోవాలి.