కోయకుండా వదిలిన చెక్క

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాల్లో వరితో పాటు గట్ల మీద తుమ్మలు, వేపలు, కానుగలు కూడా ఏపుగా ఎదిగాయి. వాటి పక్కనే మోటార్లకు కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, రైసుమిల్లుల ప్రహరీలు వచ్చాయి. 2015లో మొదలైన హరితహారం మొక్కలను కొన్నిచోట్ల ఏకంగా తీగల కిందే నాటారు. అడ్డం లేని చెట్టు ఇప్పుడు అరుదు. ఇలాంటి చోట చెట్టు ఎటు పడాలో తేల్చేది, కోయకుండా వదిలిన ఆ కాస్త చెక్కే అంటాను.

పడాల్సిన వైపు కాండం మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు దాకా ముక్కోణపు గాటు తీస్తారు. వెనక నుంచి, గాటు మొనకు కాస్త పైగా, అడ్డంగా కోస్తూ వస్తారు. రెండూ కలవకముందే ఆపాలి. మధ్యలో మందంలో పదో వంతు చెక్క మిగిలితే అది తలుపు బందులా చెట్టును అనుకున్న వైపుకే వంచుతుంది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క సన్నంగా మిగిలితే మందం వైపు లాగేస్తుంది. పూర్తిగా తెగితే బరువెటుంటే అటే పోతుంది. గొడ్డలి దెబ్బకూ దెబ్బకూ మధ్య చూసుకునే వ్యవధి ఇచ్చేది. మిషన్ రంపం ఇవ్వదు, రెప్పపాటులో అవతలికి దూసుకుపోతుంది. లోపల పుచ్చిన చెట్టుకైతే బందు పనిచేయదు, అందుకే గొడ్డలి మడమతో కొట్టి డొల్ల చప్పుడు వస్తోందా అని ముందే వినాలి.

మోకు కట్టి పదిమంది లాగితే చాలదా అంటారు. చెక్క నిలిచినంతసేపే మోకు సాయం. చెక్క తెగాక పక్కకు ఒరిగే మానును ఏ మోకూ ఆపలేదు. పైగా మోకు చెట్టు ఎత్తుకన్నా పొట్టిదైతే లాగేవాళ్లు పడే చోటే నిలబడి ఉంటారు. జేసీబీతో నెట్టేస్తే కాండం నడుమ విరిగి పైభాగం యంత్రం మీదకే రావచ్చు. కాలువ గట్టు మీదైతే వేళ్లతో పాటు గట్టు మట్టీ పెళ్లగిలి వస్తుంది.

పడటానికి చోటే లేకపోతే చెట్టును పడగొట్టకూడదు, పైనుంచి ముక్కలుగా దించాలి. ఇక్కడా అదే సూత్రం. కాండానికి జానెడు అవతల కొమ్మను ముందు కింది నుంచి మూడో వంతు కోసి వదలాలి, తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోయాలి. అప్పుడు కొమ్మ బెరడును చీల్చుకుంటూ పోదు. మిగిలిన మోడును కాండం దగ్గరి ఉబ్బును ముట్టకుండా తీసేయాలి. చెట్టును ఉంచదలచుకుంటే ఆ ఉబ్బు నుంచే గాయం మానుతుంది. బరువు కొమ్మలను పై పంగలోంచి వేసిన మోకుతో మెల్లగా దించాలి.

పూటలో అయ్యే పనికి రెండు రోజుల కూలి ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఖర్చు ఎక్కడికీ పోదు, ఎక్కినవాడి ఒంటి మీద పడుతుంది. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, 11 కేవీ తీగను మనిషి తాకనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు. కరెంటు ఆపారని సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోకుండా రంపం ఎత్తకూడదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం తాటిచెట్లెక్కే గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అనే భద్రతా కిట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఎత్తుకు, చేతిలో తిరిగే రంపంతో ఎక్కేవాళ్లకూ అలాంటి కిట్టు ఇవ్వాలి. వాళ్ల నడుం తాడులో ఉక్కు తీగ కూడా ఉండాలి, ఎందుకంటే వట్టి తాడు రంపం ఒక్కసారి తగిలినా తెగిపోతుంది.