పేరు అడగని రొట్టె

తెలుగు కథల్లో మేం ఎక్కువగా పండగనాడే కనిపిస్తాం. రంజాన్ వస్తుంది, మా ఇంటి నుంచి సేమ్యా గిన్నె పక్కింటికి వెళ్తుంది, మతసామరస్యం వర్ధిల్లుతుంది, కథ ముగుస్తుంది. ఆ సేమ్యా ఇంట్లోవాళ్లే తిన్నారా, పనిమనిషి చేతికి వెళ్లిపోయిందా అన్నది రాసినవాళ్లు తక్కువ. కలిసి తినడం గురించి మన సాహిత్యంలో వచ్చిన పొగడ్తలన్నిటినీ ఆ గిన్నె వైపు నుంచి మళ్లీ చదవాలంటున్నాం మేం.

మా పెళ్లిళ్లలో చాలాచోట్ల రెండు పొయ్యిలు వెలుగుతాయి. ఒకటి మాకు, రెండోది హిందూ దోస్తులకు. రెండో పొయ్యి దగ్గర వంటవాడు మావాడు కాడు, గిన్నెలు మావి కావు. మాంసం ముట్టనివాళ్ల కోసం వేరే వంట చేయించడంలో మాకు చిన్నతనం లేదు. అతిథి తినగలిగింది పెట్టడమే మా మర్యాద. కానీ ఇంట్లో రోజూ మాంసం తినేవాళ్లు కూడా మా డేగ్ దాటుకుని ఆ టెంటులోకే వెళ్తారు. తేడా తిండిలో లేదు, వండిన చేతిలో ఉందని అప్పుడు తెలుస్తుంది. అదే పెద్దమనిషి మర్నాడు మావాడి హోటల్లో డబ్బిచ్చి బిర్యానీ తింటాడు. డబ్బిచ్చి తింటే లేని అంటు దావత్‌కి పిలిస్తే ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ అంటుని పోగొట్టాలని నిజాయితీగా పూనుకున్నవాళ్లూ ఉన్నారు. 1972లో విజయవాడలో నాస్తికోద్యమ నాయకుడు గోరా ఆవు మాంసం, పంది మాంసం ఒకే విందులో పెట్టారు. ఆ సాహసాన్ని మేం గౌరవిస్తాం. అయినా ఒక మాట అడగాలి. ఆవు మాంసం దళితులకూ పేద ముస్లింలకూ చవగ్గా దొరికే కూర. దాన్ని పంది మాంసంతో తూకం వేసి, అటొక ముద్ద ఇటొక ముద్ద అంటే లెక్క సరిపోతుందా? మా నిషేధాన్ని మేం వదులుకుంటేనే మేం లౌకికవాదులమవుతామా? పక్కన కూర్చోవడానికి ముందు ఎవరో ఒకరు తనను తాను గుమ్మం బయట విడిచిరావాలంటే, అది పంక్తి కాదు, పరీక్ష.

1936లోనే అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని తేల్చి చెప్పారు. మతం విషయంలోనూ మా అనుభవం అదే. కలిసి తిన్న చేతులే ఇల్లు అద్దెకడిగితే మా పేరు విని తలుపు వేస్తాయి.

పేరు దగ్గరే అసలు సంగతంతా ఉంది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్లు, బండ్ల మీద యజమానుల పేర్లు రాయాలన్నారు. అదే నెల 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ తిండి అమ్ముతున్నారో చూపమనొచ్చు గానీ, పేర్లు పెట్టమని బలవంతపెట్టకూడదంది. మా పెళ్లి టెంట్ల దగ్గర మేం చెప్పే తేడా కూడా ఇదే.

పేరు అడగని తిండి మన దగ్గర లేకపోలేదు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువుకి వెళ్లి చూడండి. బారాషహీద్ దర్గా పక్కన, నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని రొట్టెకే పేరు. ఇచ్చినామె ఎవరో, ఏ ఇంట్లో కాల్చిందో పుచ్చుకున్నామెకు అక్కర్లేదు. ఆ పండగని పొగిడి ఊరుకోవడం మాకు చాలదు. చెరువు గట్టున అక్కర్లేని పేరు ఊళ్లోకి రాగానే ఎందుకు కావాల్సివస్తోందో మన విమర్శకులు తేల్చాలి.

ఈ ప్రశ్న మా దస్తర్‌ఖాన్‌నీ వదలదు. ఒకే సఫ్‌లో నమాజు చేస్తామని గర్వంగా చెప్పుకుంటాం. మెహతర్లతో, దూదేకులవాళ్లతో ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టడానికి మాలో ఎంతమంది సిద్ధం? షేకులు, సయ్యదులు జవాబు చెప్పాలి. బయటివాళ్లను అడిగే హక్కు మాకు ఆ జవాబుతోనే వస్తుంది.

దోస్తులారా, మాంసం వద్దంటే చెప్పండి, పప్పు వండుతాం. కానీ మా గిన్నెలో, మా పొయ్యి మీద, మా అమ్మీ చేత్తో వండుతాం. పండగ కాని రోజున రండి.