మందు కన్నా ముందు చెయ్యి

హ్యామ్‌స్టర్‌కి పుండు కడగడం నిమిషం పని. ఆ నిమిషం దాకా దాన్ని రానివ్వడమే అసలు పని.

మా మేనకోడలు పెంచుకునే చిట్టికి నడుం మీద గాటు పడింది. ‘జంటగా ఉంటే బెంగపెట్టుకోవు’ అంటూ షాపువాళ్లు దాన్నీ ఇంకో హ్యామ్‌స్టర్‌నూ ఒకే పంజరంలో పెట్టి అమ్మారు. సిరియన్ హ్యామ్‌స్టర్లు ఈడొచ్చాక ఒకదాన్నొకటి ఓర్చుకోవు, కొరికి చంపుకున్నా చంపుకుంటాయి. ఇప్పుడు రెండూ వేరుకాపురం పెట్టాయి. చిట్టి మాత్రం చెయ్యి కనబడితే చాలు, వెల్లకిలా పడి, పళ్లు బయటపెట్టి కీచుమంటోంది.

దాని భయం దానికుంది. 150 గ్రాములు తూగితే గొప్ప. ఈ జాతిని మనుషులు మచ్చిక చేయడం మొదలైంది 1930లో, సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో తల్లినీ పిల్లలనూ తవ్వి తీశాక. వందేళ్లయినా కాలేదు. పైనుంచి ఏది దిగినా గద్దేనన్న బెదురు ఇంకా పోలేదు. చూపు అంతంతమాత్రం, అన్నీ వాసనతోనే పోల్చుకుంటుంది. పల్లీలు ఒలిచిన చేత్తో వెళితే వేలు కూడా పల్లీయే.

‘ముందు మచ్చిక కానీ, తర్వాత చూద్దాం’ అంటే పుండు ఆగదు. అలాగని పంజరంలో మూలమూలకూ తరిమి పట్టుకుంటే, మర్నాటికి మూత చప్పుడుకే వణికిపోతుంది. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పంజరం దాని ఇల్లు, వైద్యం ఇంటి బయట.

సాయంత్రం అది తనంతట తాను లేచాక, చేతులు కడుక్కుని, స్టీలు గ్లాసును పక్కకు పడుకోబెట్టి లోపల కీరా ముక్క వేస్తాను. బొరియల్లో బతికే జీవి కదా, ఇరుకు కనబడితే దూరకుండా ఉండలేదు. అది దూరాక గ్లాసు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి ఎత్తుతాను. కింద పడినా దెబ్బ తగలకుండా నేల మీదే కూర్చుంటాను. చంటిపిల్లను చుట్టినట్టు మెత్తటి తువ్వాలులో వదులుగా చుట్టి, పుండు ఉన్నంతమేర తెరుస్తాను. మెడ తోలు గట్టిగా గుంజకూడదు, కనుగుడ్లు బయటికి వచ్చే ప్రమాదముంది.

మందుల షాపులో దొరికే సెలైన్‌ను గోరువెచ్చగా చేసి, గాజుగుడ్డతో అద్దితే చాలు. డెట్టాల్, స్పిరిట్ వద్దు. దెబ్బ కనబడగానే పసుపు డబ్బా వైపు వెళ్లే చేతులు మనవి. వాటినీ ఆపాలి, ఏది రాసినా నాకేస్తుంది. పుండుకు అంటుకోకుండా రంపపు పొట్టు తీసేసి, తెల్ల టిష్యూ కాగితం చింపి పరవాలి.

వాచినా, చీము వాసన వేసినా, తిండి మానేసినా చిన్న జంతువులు చూసే డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లాలి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ మాత్ర పొడిచేసి పట్టడం అన్నిటికన్నా ప్రమాదం. పేగుల్లో ఉండే మంచి బాక్టీరియాను చంపి, హ్యామ్‌స్టర్ ప్రాణమే తీయగలదు.

‘అత్తా, నేనంటే దానికి ఇష్టం పోతుందేమో’ అని మేనకోడలి దిగులు. పోవచ్చు. పుండు మానేదాకా అది మనల్ని ఇష్టపడనక్కర్లేదు, ఒక్క నిమిషం ఓర్చుకుంటే చాలు. ఆ నిమిషాన్ని రెండు చేయకుండా ఉండటమే మన చేతిలో ఉన్న పనితనం.