నెత్తురు ఎవరిది?

దయ్యాల నవల ఒకటి సమీక్షకు వస్తే మన పత్రికల్లో దానికి రెండే దారులు. "క్షుద్ర సాహిత్యం" అని నాలుగు వాక్యాలు రాసి అవతల పెట్టటం ఒకటి. అసలు పుట తిప్పకుండానే పక్కకు నెట్టటం రెండోది. మొదటిదాంట్లో కోపం ఉంది, రెండోదాంట్లో నిర్లక్ష్యం ఉంది. రెండింట్లోనూ చదవటం మాత్రం లేదు. మనం చదవకపోయినా జనం చదువుతూనే ఉన్నారు. వారపత్రికల సీరియళ్ళ కాలం వెళ్ళిపోయింది. ఇప్పుడు అవే మాంత్రికులు, అవే పిశాచాలు, కొత్తగా రక్తపిశాచి ప్రియులు, తోడేలు ప్రియులు సెల్‌ఫోన్లలోకీ ఇంగ్లీషు పుస్తకాల్లోకీ వచ్చి కూర్చున్నారు. మన దగ్గరికి సాహిత్య పాఠం కోసం వచ్చే విద్యార్థులే వాటిని బస్సులో చదువుకుంటున్నారు, మన ముందు సంచిలో దాచుకుంటున్నారు. వాళ్ళు దాచుకోవటానికి కారణం మనమే.

అద్భుతాన్ని అభ్యుదయ విమర్శ ఎలా చదవాలి? ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న ఇది.

మన చరిత్రలో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" సీరియల్‌గా వచ్చి తెలుగు పాఠకలోకాన్ని ఊపేసింది. చేతబడిని నేటి నగర జీవితంలోకి తెచ్చి, వైద్యాన్నీ మంత్రాన్నీ పక్కపక్కన నడిపించిన నవల అది. దాని మీద రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాశారు. "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అన్నది దాని పేరు. ఆమె తీర్పుతో ఏకీభవించనివాళ్ళు కూడా ఒక సంగతి ఒప్పుకు తీరాలి. ఆమె ఆ నవలని చదివారు. చదివి, పోట్లాడారు. తరవాత వచ్చిన మనలో చాలామంది ఆమె తీర్పుని తీసుకున్నాం గాని, ఆమె పడిన శ్రమని తీసుకోలేదు. "క్షుద్ర" అనే మాట విమర్శకు ముగింపు కావలసింది, మనకది ప్రారంభమూ ముగింపూ కూడా అయిపోయింది.

ఆ మాటని వస్తువు మీద ముద్రగా వాడితే ఏమవుతుందో చూడండి. మాంత్రికుడు కనిపిస్తే క్షుద్రమే అనుకుంటే కొడవటిగంటి కుటుంబరావుని ఏం చెయ్యాలి? ఆయన 1952 నుంచి 1980లో చనిపోయేదాకా "చందమామ" పనిలో ఉన్నారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళలోని మాంత్రికులూ రాక్షసులూ శిథిలాలయాలూ ఆ పత్రికలోనే తెలుగు పిల్లల్ని నిద్రపోనివ్వకుండా చేశాయి. అదే కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు, 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘంలో ముందువరసలో నిలిచిన మనిషి. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు గుసగుసలాడారు. నాకు మాత్రం కనిపించదు. "చందమామ" మాంత్రికుడు ఏ ఊరివాడూ కాడు. వాణ్ణి నమ్మమని కథ అడగదు. ఆ కథలు చదివిన పిల్లవాడు పక్కవీధి ముసలమ్మని అనుమానించడు.

ఇంకా వెనక్కి వెళితే కందుకూరి వీరేశలింగం ఉన్నారు. 1890లలో ఆయన రాసిన "సత్యరాజా పూర్వదేశయాత్రలు"లో ఆడవాళ్ళు ఏలే రాజ్యం ఒకటుంది. అక్కడ అణిగిమణిగి ఉండవలసినవాళ్ళు మగవాళ్ళు. స్విఫ్ట్ గలివరు యాత్రల దారిలో నడిచిన కల్పన అది. వితంతు వివాహాలు చేయిస్తూ ఊరందరి తిట్లూ తిన్న సంస్కర్త, వాస్తవ జీవిత చిత్రణ చాలదని లేని దేశాన్ని ఎందుకు కల్పించాడు? అలవాటైపోయిన అన్యాయం కళ్ళకి కనపడదు. దాన్ని తలకిందులు చేసి చూపితే కనపడుతుంది. అద్భుతం చెయ్యగల గొప్ప పని ఇదే.

కాబట్టి దయ్యం ఉందా లేదా అన్నది సమీక్షకుడి ప్రశ్న కాదు. ఆ దయ్యం ఏం పని చేస్తోంది? లోకంలో ఉన్న కారణాన్ని కప్పుతోందా, విప్పుతోందా? దాని తిండి ఎక్కడినుంచి వస్తోంది? రక్తపిశాచి నవల అయితే ఈ ప్రశ్నని మరీ సూటిగా అడగొచ్చు: నెత్తురు ఎవరిది?

ఈ గీటురాయి మీద రెండు నవలల్ని గీసి చూద్దాం. రెండూ అమెరికావే, రెండూ రక్తపిశాచులవే, రెండూ 2005లోనే వచ్చాయి. ఒకటి స్టెఫెనీ మేయర్ "ట్వైలైట్". రెండోది ఆక్టేవియా బట్లర్ "ఫ్లెడ్జ్‌లింగ్". మొదటిది ప్రపంచమంతా పాకింది, సినిమాలయింది. రెండోది నల్లజాతి రచయిత్రి చివరి నవల. మరుసటి ఏడాదే ఆమె చనిపోయారు.

"ట్వైలైట్"లో పదిహేడేళ్ళ బెల్లా ఒక చిన్న ఊరికి వస్తుంది. ఆమెని ప్రేమించే ఎడ్వర్డ్ 1901లో పుట్టినవాడు, 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చావబోతుండగా రక్తపిశాచిగా మారినవాడు. అందగాడు. అతని కుటుంబానికి దేనికీ కొరత లేదు. వేగంగా పోయే కార్లున్నాయి, అడవి అంచున అందమైన ఇల్లుంది. మరి తిండి? వాళ్ళు మనుషుల్ని తినరు, జంతువుల నెత్తురు తాగుతారు. తమని తాము శాకాహారులమని వేళాకోళంగా చెప్పుకుంటారు కూడా. ఇక్కడే రచయిత్రి లెక్క చెరిపేసింది. పిశాచి తాలూకు బలం, అందం, అమరత్వం, ఐశ్వర్యం అన్నీ ఉన్నాయి. వాటికి చెల్లించే మూల్యం మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. 1867లో వెలువడిన "పెట్టుబడి"లో మార్క్స్ పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చాడు. సజీవ శ్రమని పీల్చి బతికేది గనక. ఆ పిశాచికి నోరు కడిగి, సెంటు పూసి, పెళ్ళికొడుకుని చేస్తే ఎలా ఉంటుందో "ట్వైలైట్" అలా ఉంది.

బెల్లా నిద్రపోతుంటే ఎడ్వర్డ్ రాత్రిపూట ఆమె గదిలోకి వచ్చి చూస్తూ ఉంటాడు. ఆమెకి తెలియదు. తెలిశాక ఆమె దాన్ని ప్రేమగా తీసుకుంటుంది. కథ కూడా అలాగే తీసుకోమంటుంది. మామూలు మగవాడు చేస్తే పోలీసు కేసయ్యే పని, పిశాచి చేస్తే ఆరాధన. అద్భుతం ఇక్కడ కప్పుతోంది. అంతేకాదు, రెండో పుస్తకం నాటికి తోడేళ్ళుగా మారేవాళ్ళెవరు? క్విలియూట్లు. వీళ్ళు కల్పిత జాతి కాదు, వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో నేటికీ ఉన్న ఆదివాసులు. తెల్లవాడు మారితే పాలరాతి బొమ్మ, ఆదివాసి మారితే మృగం. ఈ ఎంపిక యాదృచ్ఛికమా? మన దయ్యాల కథల్లో కూడా మంత్రగాడు అడవి మనిషో, అంటరానివాడో, ఊరి చివరి విధవో ఎందుకవుతాడో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.

ఇక "ఫ్లెడ్జ్‌లింగ్". షోరీ ఒక గుహలో ఒళ్ళంతా గాయాలతో, గతమంతా మరిచిపోయి మేలుకుంటుంది. చూడటానికి నల్లపిల్ల, వయసు 53 ఏళ్ళు. ఆమె జాతి పేరు ఇనా. వాళ్ళు మనుషుల నెత్తురు తాగి బతుకుతారు, చంపరు. కాని వాళ్ళ లాలాజలంలో ఒక మత్తుంది. కొన్నాళ్ళు కరిపించుకున్న మనిషి ఇక విడిచి బతకలేడు. తన ఇనా పోతే తనూ పోయే ప్రమాదం ఉంది. ఆ మనుషులు సుఖంగానే ఉంటారు, దీర్ఘాయువు పొందుతారు, ప్రేమిస్తున్నామని చెబుతారు. ఆ ప్రేమలో ఇష్టమెంత, మత్తెంత? బట్లర్ ఈ ప్రశ్నని నవలంతటా తెరిచే ఉంచింది. షోరీ మంచిది. కాని మంచి యజమాని ఉన్నంత మాత్రాన బానిసత్వం స్వేచ్ఛ అవుతుందా?

మనిషి జన్యువుల కలయికతో షోరీకి ఆ నల్లరంగు వచ్చింది. దానివల్లనే ఆమె పగటి వెలుగు తట్టుకోగలదు. ఆ జాతికే మేలు చేసే మార్పు అది. అయినా తమ రక్తం మైలపడిందని కొన్ని ఇనా కుటుంబాలు ఆమె వాళ్ళందర్నీ హతమారుస్తాయి. చివరికి జాతి పెద్దల ముందు విచారణ జరుగుతుంది. ఆ విచారణ జరుగుతుండగానే, షోరీని దెబ్బతియ్యటానికి, ఆమెని నమ్ముకున్న థియోడోరా అనే స్త్రీని చంపిస్తారు. పెద్దల కక్షకి చిన్నవాళ్ళు చస్తారు. "రక్తశుద్ధి" అనే మాట ఎక్కడ విన్నా ఉలిక్కిపడవలసిన మనకి, కులం ఉన్న దేశంలో పుట్టిన మనకి, ఈ పిశాచాల పంచాయితీ పరాయిది కాదు.

ఒకే సరుకు, ఒకే సంవత్సరం. ఒకరు నెత్తురు లెక్క చెరిపేశారు, ఒకరు లెక్క అడిగారు. "రక్తపిశాచి నవలలు పలాయనవాదం" అని ఒకే గాటన కట్టే సమీక్షకుడు ఈ తేడాని ఎలా పట్టుకుంటాడు?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇదంతా సమాజశాస్త్రం, శిల్పం సంగతేమిటి అంటారు. నా జవాబు: ఈ రకం నవలల్లో శిల్పం సంగతి కూడా ఇదే. మొదటి అసంభవాన్ని పాఠకుడు రచయితకి అప్పుగా ఇస్తాడు. ఆ తరవాత ప్రతిదీ ఆ అసంభవపు చట్టం ప్రకారమే జరగాలి. బట్లర్ తన చట్టానికి కట్టుబడింది. వదులుకోలేని బంధం ఉన్నచోట ఆ బంధాన్నే ఆయుధంగా వాడుకునేవాళ్ళుంటారు గనక థియోడోరా చావు కథలోంచే పుట్టింది. మేయర్ తన చట్టాన్ని తనే సడలించుకుంటూ పోయింది. కొత్తగా మారిన పిశాచికి ఆకలి అదుపులో ఉండదని ముందు చెప్పింది. 2008 నాటి చివరి పుస్తకంలో బెల్లా మారగానే ఆ అదుపు ఆమెకి అద్భుతంగా అబ్బింది. పెద్ద యుద్ధం వస్తుందని వందల పుటలు ఊరించి, యుద్ధం లేకుండానే అందర్నీ ఇంటికి పంపింది. మూల్యం చెల్లించటానికి ఇష్టపడని భావజాలమే అక్కడ బిగువులేని కథనంగా బయటపడింది. వస్తువులోని అబద్ధం శిల్పంలో పగులుగా కనపడుతుంది. ఆ పగులుని చూపించటమే విమర్శకుడి పని.

మరో ఆక్షేపణ పాఠకుల వైపునుంచి వస్తుంది. "మాకు ఆనందంగా ఉంది, మీకేం పోయింది?" దీన్ని ఈసడించకూడదు. ఆడపిల్ల తన కోరికని పైకి చెప్పుకోలేని ఇళ్ళల్లో, తననే చూసే, తన కోసమే ఆగే మగవాడి కథ ఒక నిజమైన కొరతని తాకుతుంది. ఆ కొరతని వెక్కిరించే విమర్శ పెత్తందారీ విమర్శ. కొరత నిజం, దానికి అమ్ముతున్న మందు కల్తీ. రెండూ చెప్పాలి. మొదటిది చెప్పకుండా రెండోది చెబితే ఎవరూ వినరు.

చివరికి మన నేలకి వద్దాం. ఎందుకంటే ఇక్కడ ఇది చదువరి అభిరుచుల తగాదా మాత్రమే కాదు. బాణామతి చేశారనీ చేతబడి చేశారనీ అనుమానించి తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, తగలబెట్టారు. దేశంలో హత్యల కారణాలు లెక్కవేసే జాతీయ నేర గణాంకాల్లో మంత్రవిద్య అనుమానానికి విడిగా ఒక గడి ఉంది. మూఢనమ్మకాలకి వ్యతిరేకంగా చట్టం కావాలని పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపారు. ఆ తరవాతే మహారాష్ట్రలో ఆ చట్టం వచ్చింది. ఇలాంటి దేశంలో, "ఇది ఈ కాలం, ఇది మీ ఊరు, ఇదిగో డాక్టరు కూడా ఒప్పుకున్నాడు" అంటూ చేతబడి పని చేస్తుందని నమ్మబలికే నవలకీ, ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడి కథకీ తేడా ఉంది. మొదటిదాని చేతికి నెత్తురు అంటుతుంది. ఆ నెత్తురు కల్పితం కాదు.

అంచేత, సమీక్ష రాయబోయే యువ మిత్రులు ముందు పుస్తకం చివరిదాకా చదవాలి. అద్భుతం చట్టం ఏమిటో, రచయిత దానికి కట్టుబడ్డాడో లేదో చూడాలి. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో, రాక్షసుడి ముఖం ఎవరి పోలికలతో గీశారో అడగాలి. పుస్తకం మూశాక లోకం మరింత స్పష్టంగా కనిపిస్తోందా, మరింత మసకేసిందా అని తమని తామే ప్రశ్నించుకోవాలి. అప్పుడు "క్షుద్రం" అనవలసి వస్తే ధైర్యంగా అనొచ్చు. ఆ మాటకి అప్పుడు బరువుంటుంది.

రచయిత మిత్రులకి ఒక్క మాట. వీరేశలింగం వదిలిన లేని దేశం ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని వ్యాపారులకి వదిలిపెట్టి, తీరా వాళ్ళు ఆక్రమించాక తిడుతూ కూర్చోవటం మనకి తగదు.