గడియ ఎటువైపు ఉంది?

పోయిన సంవత్సరం ఒక ఆదివారం పొద్దున్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలయ్యాక, "వదినా, ఈ మధ్య నువ్వు విడాకుల గురించే చదువుతున్నావేంటి? అంతా బానే ఉంది కదా?" అంది. నాకు చప్పున అర్థం కాలేదు. పెళ్లి నుంచి బయటికి వచ్చిన స్త్రీల ఆత్మకథనాల మీద వ్యాసం రాస్తూ ఆ వారమంతా వాటి చుట్టూనే తిరిగిన మాట నిజం. అది తనకెలా తెలిసింది?

పత్రికలూ వ్యాసాలూ ఒక్కచోట చదువుకోవడానికి నేను వాడే ఫీడ్ రీడర్ రూపం అంతకు కొద్దిరోజుల ముందే మార్చారు. పత్రికల పేర్లుండే చోట మనుషుల ఫొటోలొచ్చాయి. తర్వాత చదువుదామని నేను నక్షత్రం గుర్తు పెట్టుకున్నవన్నీ, నా ఫోన్‌లో నంబర్లున్న వాళ్లకి "సిఫారసులు"గా వెళ్తున్నాయి. ఆ ఏర్పాటు ఆపడం ఎలాగో తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. విడాకుల వ్యాసాల మీద నక్షత్రాలు తీసేశాను. నా పరిశోధన గైడు చూస్తే బాగుంటుందనిపించిన రెండు సిద్ధాంత వ్యాసాలకి, చదవకుండానే, నక్షత్రాలు పెట్టాను. స్త్రీవాద సాహిత్యం పాఠం చెప్పే నేను, ఎవరూ అడక్కుండానే, నా చదువుని సెన్సార్ చేసుకున్నాను.

ఇది నా పిరికితనమేనా? కొంతవరకూ అవును. కానీ అక్కడితో ఆగితే అసలు ప్రశ్న తప్పిపోతుంది.

చదవడం అంటే అభిప్రాయం చెప్పడం కాదు. ఒప్పుకోని వాటిని చదువుతాం. భయపడే వాటిని చదువుతాం. మనలో ఇంకా మాటగా మారని సందేహం కోసం చదువుతాం. విమర్శకురాలికి ఆ తేల్చుకోని సమయం చాలా అవసరం. దాన్ని నలుగురికీ చూపిస్తే ప్రతి చదువూ ఒక ప్రకటన అయిపోతుంది.

స్త్రీలకి ఈ చాటు ఎంత అవసరమో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. సూజీ తారు, కె. లలితల సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం (1991)లో బెంగాలీ రచయిత్రి రాససుందరీ దేవి ఆత్మకథా భాగం ఉంది. 'చైతన్య భాగవతం' నుంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుని, కొడుకు రాసుకున్న తాటాకు మీది అక్షరాలతో పోల్చుకుంటూ ఆమె చదవడం నేర్చుకుంది. ఎవరి కంటా పడకపోవడం వల్లే ఆ చదువు సాగింది.

చదువుని బయటపెట్టే ఈ సాంకేతిక ఏర్పాటుకీ ఒక చరిత్ర ఉంది. 2005లో మొదలై 2013 జులై 1న మూతపడిన గూగుల్ రీడర్‌లో, పంచుకున్న వ్యాసాలు 2007 డిసెంబరు నుంచి జీమెయిల్ చాట్ పరిచయస్తులందరికీ వాటంతటవే కనిపించసాగాయి. 2010 ఫిబ్రవరిలో గూగుల్ బజ్ వచ్చింది. ఎవరితో ఎక్కువ ఉత్తరాలు నడుస్తాయో వాళ్లే దగ్గరివాళ్లని లెక్కవేసి, అడక్కుండానే జతచేసింది. తనను హింసించిన మాజీ భర్తకి రీడర్‌లోని తన వ్యాఖ్యలు అందుబాటులోకి వచ్చాయని, మారుపేరుతో రాసే ఒక అమెరికన్ స్త్రీ ఆగ్రహంగా రాసింది. గూగుల్ కొద్దిరోజుల్లోనే పద్ధతి మార్చుకుంది. 2011లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందం చేసుకుని, 20 ఏళ్లపాటు గోప్యత తనిఖీలకి తలవంచింది.

ఎక్కువ ఉత్తరాలు నడిచేది ఆప్తులతోనే అన్న ఊహలోనే పురుష దృష్టి ఉంది. విడిపోయిన భర్తతో పిల్లల గురించీ, వేధించే అధికారితో ఉద్యోగం గురించీ స్త్రీ ఎన్ని ఉత్తరాలు రాస్తుందో ఆ లెక్కకి తెలియదు. పరిచయాలన్నీ క్షేమంగా ఉండే మనిషిని సగటు పాఠకుడిగా ఊహించుకుని వేసిన లెక్క అది.

అయితే పంచుకోవడమే తప్పని నేననడం లేదు. 2011 అక్టోబరు చివర్లో గూగుల్ తన రీడర్‌లోని పంచుకునే సదుపాయాలు తీసేసి అందర్నీ గూగుల్ ప్లస్‌కి తోలినప్పుడు పాఠకులు గట్టిగా నిరసన తెలిపారు. ప్రభుత్వ వడపోతని దాటి వార్తలు అందుకోవడానికి రీడర్ మీద ఆధారపడిన ఇరాన్ పాఠకులు వాళ్లలో ముఖ్యులు. హాస్టల్లో పెన్సిల్ గీతలతో చేతులు మారిన నవలలు లేకపోతే నేనూ ఈ చదువులోకి వచ్చేదాన్ని కాదు. తలుపు తెరవడం, మూయడం రెండూ కావాలి. గడియ మాత్రం చదివే మనిషి వైపు ఉండాలి. 2010లో తెరిచినప్పుడూ, 2011లో మూసినప్పుడూ అది అవతలివైపే ఉంది.

ఇదంతా రాసి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టవుతుంది. ఆ ఫోన్ తర్వాత పది రోజులకి మా ఆడపడుచు మళ్లీ చేసింది. ఈసారి గొంతు తగ్గించి, "ఆ వ్యాసాల్లో రెండోది నాకు పంపగలవా వదినా? అందులో కాదు, నా మెయిల్‌కి పంపు. అన్నయ్యకి చెప్పకు" అంది.

పంపాను. ఎందుకని అడగలేదు. నా చదువు బయటపడకపోతే తన అవసరం నాకు తెలిసేదే కాదు, అది ఒప్పుకోవాలి. కానీ తను చదువుకోవడానికి వెతుక్కున్నదీ మళ్లీ ఒక చాటునే.