చక్కెరలో అక్షరములెన్ని? పైథాన్ భాష ప్రగతిపై ఒక పరిశీలన

బోధన్ పట్టణములో ఆరవ తరగతి చదువు విద్యార్థిని ఎవరినైనను "చక్కెర" అను మాటలో ఎన్ని అక్షరములున్నవని అడిగినచో, మూడు అని తడుముకొనక చెప్పును: చ, క్కె, ర. ఇదే ప్రశ్నను పైథాన్ అను ప్రోగ్రాము భాషలో కంప్యూటరుకు వేసినచో, ఆరు అని జవాబు వచ్చును. విద్యార్థి చెప్పినది తప్పు కాదు. కంప్యూటరు చెప్పినదియు దాని పద్ధతి ననుసరించి తప్పు కాదు. ఈ మూటికిని ఆరుకును నడుమ నున్న దూరమెంత తగ్గినదో చూచినచో, ఆ భాష ప్రగతి తెలుగు పాఠశాలకు ఎంతవరకు చేరినదో తెలియగలదు.

పైథాన్ భాషను గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందు ఆరంభించి, 1991 ఫిబ్రవరిలో తొలి కూర్పును విడుదల చేసెను. దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 2018లో రోసమ్ తుది నిర్ణయాధికారమును వదలుకొనగా, 2019 నుండి ఐదుగురు సభ్యుల ఎన్నికైన సంఘము ఆ బాధ్యతను వహించుచున్నది. ఏటేట అక్టోబరులో క్రొత్త కూర్పు వెలువడును. ఒక్కొక్క కూర్పును ఐదేండ్లు కాపాడుదురు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి పాఠ్యక్రమములో 11, 12 తరగతుల కంప్యూటరు శాస్త్రమును ఈ భాషతోనే బోధించుచున్నారు. కావున దీని మంచిచెడ్డలు నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఇటీవలి కాలములో ఎక్కువ శ్రమ వేగము కొరకు జరిగినది. 2022 అక్టోబరులో వచ్చిన 3.11 కూర్పు, దాని ముందటి కూర్పుకంటె సగటున 25 శాతము వేగముగా నడచునని కొలతలు తెలిపినవి. అటుపిమ్మట చాలకాలముగా ఉన్న ఒక చిక్కును విప్పుటకు పూనుకొనిరి. ఆ చిక్కు చెరకు ప్రాంతపు వారికి సులభముగా తెలియును.

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింద చెరకు విరివిగా పెరిగినది; 1937లో బోధన్‌లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఆ చెరకునకు పెద్ద గమ్యస్థానము. అటువంటి కర్మాగారము ముందు గానుగ కాలములో నూరు బండ్లు నిలిచియున్నవనియు, తూకమునకు ఒక్కటే కాంటా ఉన్నదనియు ఊహింపుడు. లోపల ఎన్ని యంత్రములున్నను, బండ్లు ఒకదాని వెనుక ఒకటిగానే పోవలెను. పైథాన్‌లో ఇటువంటి కాంటా ఒకటి కలదు. కంప్యూటరులో ఎనిమిది గణన భాగములున్నను, ఒక ప్రోగ్రాములోని పలు పనులలో ఒక సమయమున ఒక్కటి మాత్రమే ముందునకు సాగునట్లు ఒక తాళము అడ్డుపడుచుండెను. ఒకే జ్ఞాపకస్థానమును ఇద్దరు ఒకేసారి మార్చి లెక్క చెడగొట్టకుండుటకే ఆ తాళము వేసిరి.

2024 అక్టోబరులో వచ్చిన 3.13 కూర్పులో ఈ తాళము లేని రూపమును ప్రయోగముగా ఇచ్చిరి. 2025 అక్టోబరులోని 3.14 కూర్పులో అది అధికారికముగా ఆమోదము పొందినది. అయినను అది మామూలుగా లభించు రూపము కాదు, కోరి తెచ్చుకొనవలసినది. కాంటాలు ఎక్కువైనప్పుడు పద్దులు సరిచూచు శ్రమ పెరిగినట్లే, తాళము తీసినచో ఒంటరి పనికి 5 నుండి 10 శాతము వరకు వేగము తగ్గుచున్నది. పెద్ద లెక్కలు చేయు పరిశోధనశాలలకు ఇది గొప్ప మేలు. పాఠశాలలోని పాత కంప్యూటరుపై ఒక ఊరి చెరకు టన్నులను కూడు విద్యార్థికి మాత్రము దీనివలన కలుగు లాభము స్వల్పము. దీనిని సాధించిన వారి నేర్పును మెచ్చుకొనుచునే ఈ మాట చెప్పవలసియున్నది.

ఆ విద్యార్థికి కావలసినది వేరు. అతడు ఊళ్ళ పేర్లను తెలుగులో వ్రాయవలెను, ఫైలులో దాచవలెను, మరల తీయవలెను, వరుసగా పేర్చవలెను. బోధన్ వంటి చోట తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ పేర్లును వచ్చును. ఈ దృష్టితో చూచినచో మెచ్చదగినది కొంత కలదు. 2008 డిసెంబరులో వచ్చిన 3.0 కూర్పు నుండి పైథాన్‌లోని మాటలన్నియు యూనికోడ్ పద్ధతిలోనే ఉన్నవి. చెరకు, టన్ను అను తెలుగు మాటలనే రాశులకు పేర్లుగా పెట్టి ప్రోగ్రాము వ్రాయవచ్చును. "౨౫" అని తెలుగు అంకెలతో వ్రాసిన మాటను సంఖ్యగా మార్చుమన్నచో, 25 అని సరిగా గ్రహించును.

కాని "శక్కర్‌నగర్" అని ఒక రాశికి పేరు పెట్టినచో పైథాన్ దానిని తప్పుగా ఎంచి త్రోసివేయును. ర పొల్లు తరువాత న వత్తుగా మారకుండుటకు మనము ఒక కనబడని గుర్తును వాడుచున్నాము. రాశుల పేర్లలో ఆ గుర్తును ఈ భాష అంగీకరింపదు. పేరు కాక సమాచారమైనప్పుడు అపాయము ఇంకను ఎక్కువ. "బోధన్‌లో" అను మాటనుండి "లో" తీసివేసినప్పుడు ఆ గుర్తు చివర మిగిలిపోవచ్చును. కంటికి రెండును బోధన్లే. కంప్యూటరుకు మాత్రము ఒకటి ఐదు సంకేతములది, మరొకటి ఆరు సంకేతములది. రెండును వేరు వేరు ఊళ్ళు. మాట చివరి ఖాళీలను తొలగించు సాధనము కూడ దీనిని తొలగింపదు. ఇట్లు ఒక ఊరి చెరకు లెక్క రెండుగా చీలును. రైతుకు డబ్బు చెల్లించు పట్టికలో ఇట్టి పొరపాటు జరిగినచో అది అచ్చుతప్పు కాదు, నష్టము. ఈ దోషము పైథాన్ ఒక్కదానిదే అనరాదు. కాని బోధనకు అనువైన భాషయని పేరు పొందినది హెచ్చరికయైన ఇచ్చినచో బాగుండును.

2026 అక్టోబరునకు నిర్ణయింపబడిన 3.15 కూర్పు ప్రణాళికలో తెలుగువారికి రెండు ముఖ్య విషయములున్నవి. మొదటిది ఫైళ్ళకు సంబంధించినది. అంతకుముందు కూర్పులలో, విండోస్ కంప్యూటరుపై ప్రత్యేకముగా చెప్పనిచో, పైథాన్ ఆ యంత్రపు స్థానిక సంకేత పద్ధతిని వాడును. మన దేశపు ఇంగ్లీషు అమరికలో అది పశ్చిమ యూరపు అక్షరములకు ఏర్పడినది. అందువలన "చక్కెర" అను మాటను ఫైలులో వ్రాయబోగానే ప్రోగ్రాము ఆగిపోవును. 3.15 నుండి అన్ని యంత్రములపైనను యు.టి.ఎఫ్-8 అను సార్వజనిక పద్ధతియే మామూలు పద్ధతి యగును. ఈ నిర్ణయము 2022లోనే జరిగినది. వేగమునకు సంబంధించిన వార్తలంత సందడి దీనికి లేకపోయినను, తెలుగు తరగతిలో దీని మేలే ఎక్కువ.

రెండవది ఆరంభమున చెప్పిన లెక్క. "చక్కెర" అను మాటను యూనికోడ్ చ, క, పొల్లు, క, ఎత్వము, ర అని ఆరు సంకేతములుగా దాచును. పైథాన్ లెక్కించునది వీటినే. "స్త్రీ" అను ఒక్క అక్షరమునకు కూడ ఆరు అనియే చెప్పును. 2023లో యూనికోడ్ ప్రమాణము, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరమును ఒక్క గుంపుగా ఎంచునట్లు నియమమును సవరించినది. ఆ నియమము ననుసరించి మాటను అక్షరములుగా విడదీయు సాధనమును 3.15లో చేర్చిరి. దానితో లెక్కించినచో చక్కెరకు మూడు, స్త్రీకి ఒకటి వచ్చును. అయితే పాత లెక్క మారదు. క్రొత్త సాధనమును ఎరిగి వాడవలెను. ఉపాధ్యాయుడు చెప్పనిచో విద్యార్థికి ఇది తెలియదు.

మిగిలిపోయిన కొరతలను కూడ పేర్కొనుట న్యాయము. మామూలు వరుస పద్ధతిలో "కళ" అను మాట "కవి"కి ముందు వచ్చును. బడిలో నేర్పు వర్ణమాలలో ళ, హ తరువాతి అక్షరము. తప్పులను తెలుపు సందేశములు కూర్పు కూర్పునకు మెరుగగుచున్నవి. భాషలోని మాటను తప్పుగా వ్రాసినచో సరియైన మాటను సూచించు సౌకర్యము 3.14లో వచ్చినది. కాని ఆ సందేశములన్నియు ఇంగ్లీషులోనే. భాషలోని ముప్పది ఐదు ముఖ్యపదములు ఇంగ్లీషులో ఉండుట పెద్ద భారము కాదు. సోడియము, పొటాసియముల గుర్తులను నేర్చినట్లే వానిని నేర్వవచ్చును. తాను చేసిన తప్పేమో తెలియకపోవుటయే అసలు భారము. జపనీసు, కొరియను, ఫ్రెంచి భాషలలో పైథాన్ వివరణ గ్రంథమునకు అధికారిక అనువాదములు కలవు. 2025 నాటికి తెలుగు ఆ వరుసలో చేరలేదు.

ఈ చివరి కొరతకు పైథాన్ నిర్మాతలను నిందించుట తగదు. మూలము తెరచియున్న భాషలో ద్వారము కూడ తెరచియే ఉండును. జపనీసు అనువాదమును జపాను భాష తెలిసినవారే చేసిరి. నిజామాబాదు జిల్లాలోని ఒక పాఠశాల వారమునకు ఒక పుట తెనిగించినను అది ఆరంభమే. అంతవరకు విద్యార్థులు తమ ఊరి పేరులోని అక్షరములను వ్రేళ్ళపై ఒకసారి, కంప్యూటరుపై ఒకసారి లెక్కించి, తేడా ఎందుకు వచ్చినదో వ్రాసి చూచుట మంచి అభ్యాసము. యంత్రము చెప్పిన సంఖ్యను నమ్ముటకు ముందు అది దేనిని లెక్కించినదో అడుగుట ఆ అభ్యాసము నేర్పు మొదటి పాఠము.